పాటలో లేని ఖాళీలు

కుక్కర్ స్టవ్ మీద పెట్టి, చేతులు తుడుచుకుని వయొలిన్ భుజానికి ఆనించానో లేదో, హాల్లోంచి మావారి కేక.

"ఏయ్, నా కళ్ళజోడు ఏదీ?"

తలమీదే ఉంటుంది. వెళ్ళి చూపిస్తే "అక్కణ్ణుంచే చెప్పచ్చుగా" అంటారు. అక్కణ్ణుంచే చెప్తే "అరుస్తావేంటి" అంటారు. ఇద్దరం ఆఫీసుల నుంచి ఒకే వేళకి ఇల్లు చేరతాం. ఆయన వచ్చి కూర్చుంటారు. నేను వచ్చి పని మొదలుపెడతాను.

వయొలిన్ నా బోనస్‌తో నేను కొనుక్కున్నది. పాఠాలు ఆన్‌లైన్లో. వంటింటి గట్టు మీద పంచదార డబ్బాకి ఫోన్ ఆనించి, దాని ముందు నిలబడతాను. టీచరు మా అమ్మాయి ఈడుది, నన్ను ఆంటీ అంటుంది. మొదట్లో నేను కమాను తీగ మీద పెడితే తుప్పు పట్టిన తలుపు తీసినట్టుండేది. అయినా ఆ పిల్ల నవ్వలేదు, విసుక్కోలేదు. "మళ్ళీ చూద్దాం ఆంటీ" అనేది. పెళ్ళయ్యాక నేను తప్పు చేస్తే "మళ్ళీ చూద్దాం" అన్న మనిషి ఆమె ఒక్కతే.

చివరికి ఒక పాట మొత్తం వచ్చింది. దాన్ని ఎక్కడా ఆగకుండా వాయిస్తే పై క్లాసుకి పంపిస్తానంది. అక్కడే వచ్చింది చిక్కు. మొదటి వరస అయ్యేసరికి ఆయనకి కళ్ళజోడు కావాలి. రెండో వరస అయ్యేసరికి మా అత్తగారు తన గదిలోంచి "అమ్మాయ్, ఆ పిల్లిని బయటికి తోలు, ఒకటే ఏడుస్తోంది!" అని తన జోక్‌కి తనే నవ్వుకుంటారు. రోజూ అదే జోకు. ఇక చరణం అందుకునే చోట, సరిగ్గా అక్కడ, ఆయన టీవీ గొంతు తగ్గించి మరీ అనే మాట: "ఈ వయసులో నువ్వు వాయిస్తే ఎవడు వింటాడే?"

ఒకరోజు తల్లీకొడుకులిద్దరూ ఎవరింటికో వెళ్ళారు. ఇల్లంతా నాదే. హాయిగా వాయించాను. అయ్యాక టీచరు అడిగింది.

"ఇంట్లో ఎవరూ లేరన్నారు కదా ఆంటీ?"

"లేరమ్మా."

"మరి మూడుచోట్ల ఎందుకు ఆగారు? పాటలో అక్కడ ఖాళీ లేదు."

ఆగానా? నాకు తెలియనే లేదు. మళ్ళీ వాయించాను. మొదటి వరస చివర నా చెయ్యి దానంతటదే ఆగింది. నా చెవులు హాలు వైపు తిరిగాయి. అప్పుడర్థమైంది. నేను పాట ఒక్కటే నేర్చుకోలేదు. వాళ్ళ అరుపుల్ని కూడా కలిపి నేర్చుకున్నాను. మనిషి ఎదురుగా లేకపోయినా నా చెయ్యి ఆయన ఆజ్ఞ కోసం ఆగి ఎదురుచూస్తోంది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆ నెలలోనే ఆయన రిటైర్మెంట్. "సభలో నువ్వో పాట వాయించు, మా వాళ్ళ ముందు బావుంటుంది" అన్నారు. ఎవడు వింటాడే అన్న నోరే!

టీచరు భయపడింది. "ఆ ఖాళీలు ఇంకా పోలేదు ఆంటీ."

"ఉండనీ అమ్మా. వాటితో నాకు పనుంది."

ఆయన ఆఫీసు పైఅంతస్తులో కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో ఆయన, పక్కనే అత్తగారు. ఆయన మైకు పట్టుకుని "మా ఆవిడ వయొలిన్ నేర్చుకుందంటే అంతా నా ప్రోత్సాహమే" అన్నారు. చప్పట్లు. మైకు నా ముందు పెట్టి వెళ్ళి కూర్చున్నారు.

మొదటి వరస వాయించి ఆగాను. మైకు దగ్గరికి వంగి, ఆయన గొంతుతోనే అన్నాను: "ఏయ్, నా కళ్ళజోడు ఏదీ?"

ఆయన చెయ్యి దానంతటదే తలమీదికి వెళ్ళింది. కళ్ళజోడు అక్కడే ఉంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్తగారే.

రెండో వరస. ఆగాను. "అమ్మాయ్, ఆ పిల్లిని బయటికి తోలు, ఒకటే ఏడుస్తోంది!"

అత్తగారి నవ్వు సగంలో తెగిపోయింది. మిగతావాళ్ళు నవ్వాలో వద్దో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

చరణం దగ్గర మూడోసారి ఆగాను. ఈసారి నేనేమీ అనలేదు. కమాను గాల్లో పట్టుకుని ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయనకి తెలుసు అక్కడేముందో. ఒక్కో తలా ఆయన వైపు తిరిగింది. వెనక వరస నుంచి వాళ్ళ టైపిస్టు, ఒక పెద్దావిడ, అడిగేసింది.

"ఇక్కడేమంటారు సార్ మీరు?"

"ఏం లేదు... మంచినీళ్ళు అడుగుతానంతే..." అన్నారు ఆయన.

"కాదు" అన్నాను మైకులో. అంతే. చరణం అందుకుని చివరిదాకా వాయించాను.

ఇల్లు చేరాక "నా పరువు తీశావు" అన్నారు. "నేనేమన్నానండీ, అన్నీ మీ మాటలేగా" అన్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి పాఠానికి నిలబడ్డాను. మొదటి వరస అవుతుండగా ఆయన "ఏ..." అన్నారు. కళ్ళెత్తి చూశాను. నోరు మూసుకుని, లేచి వెళ్ళి కళ్ళజోడు వెతుక్కున్నారు. నా చెయ్యి ఆగలేదు. ఫోన్లో టీచరు గట్టిగా చప్పట్లు కొట్టింది. "పై క్లాసు, ఆంటీ!"

ఆయన ఇక రోజంతా ఇంట్లోనే. అందుకే పాఠాన్ని వంటింట్లోంచి హాల్లోకి మార్చాను, సరిగ్గా ఆయన కుర్చీకి ఎదురుగా.