పెట్టె లేచిన చప్పుడు

యంత్రంలోంచి అక్కర్లేనివి పీకి పారేయడంలో వెంకటేశులుకు దొరికే సంతోషం పెళ్లి భోజనంలో కూడా దొరకదు. ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే తన చిన్న అంగట్లో కొన్నాళ్లుగా అదే పనిలో మునిగి ఉన్నాడు. ముందరున్నది పాత స్నేహితుడు సామ్సన్ ఎమ్మిగనూరు నుంచి బస్సులో పంపించిన పెట్టె. డిస్కులు పెట్టుకునే చిన్న స్టోరేజీ సర్వర్ అది. సామ్సన్ వాళ్ల ఫోటో స్టూడియోలో తీసిన పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

పెట్టె ముసలిది. కంపెనీవాళ్లు ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ ఏటేటా ఒళ్లు పెంచుకుంటూ పోయి, దానికున్న కాస్త మెమరీలో మసలడానికి చోటు లేకుండా చేసింది. ఒక ఫోటో అడిగితే టీ తాగి వచ్చేదాకా ఆలోచించేది. దీన్ని పారేసి ఫోటోలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేద్దామని, ఇప్పుడు స్టూడియో నడుపుతున్న సామ్సన్ అన్న కూతురు నందిని పట్టుబట్టింది. అప్పుడే సామ్సన్ వెంకటేశులుకు ఫోన్ చేశాడు.

"ఆ పెట్టె చూసుకునేదొక్కటే నాకు మిగిలిన పనప్పా. సుగరొచ్చి కండ్లు మసకైనంక కెమెరా పట్టేదానికి కాలేదు. అది గూడా పోతే ఇంట్లో కూసోమంటారు."

అందుకే వెంకటేశులు, ఎవరైనా విప్పి మార్చుకోగల లినక్స్ తీసుకుని, ఆ పెట్టె కొలతకు ఒక సన్నటి సిస్టమ్ కట్టుకొచ్చాడు. ఫోటోలు దాచే పెట్టెకు సినిమాలు ఆడించే పనెందుకు? తీసేయ్. ప్రింటర్‌తో పలకరింపులెందుకు? తీసేయ్. డిస్కులు చదవాలి, అడిగినవాళ్లకు ఇవ్వాలి, అంతే. తీసే కొద్దీ హుషారెక్కింది. పెట్టె లేవగానే కూసే బజర్‌ను మోగించే ప్రోగ్రాం ముక్క కనబడితే, ఇది కూసి ఎవర్ని ఉద్ధరించాలని దాన్నీ పీకేశాడు. సిస్టమ్ కూర్చోవలసిన చిప్ బాగా చిన్నది. అంత పిసినారితనం చేసినవాడు, మిగిలిన చోటంతా ఒక బొమ్మకు ధారపోశాడు. ఫోన్లో పెట్టె పేజీ తెరవగానే కనబడేలా, తానూ సామ్సనూ ఒకప్పుడు నడిపిన నెట్ సెంటర్ బోర్డు ఫోటో పెట్టాడు. సామ్సన్ చూసి మురిసిపోవాలని ఆశ.

ఆ నెట్ సెంటర్ తలపుకొస్తే వెంకటేశులుకు ఇప్పటికీ పని మీద మనసు నిలవదు. బస్టాండు దగ్గర మేడ మీద గది, ప్లైవుడ్ అరలు, అరకో కంప్యూటరు. పరీక్ష ఫలితాలొస్తే మెట్ల మీద కూడా జనమే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్లు ఒకదాని వెనక ఒకటి కూస్తూ లేచేవి. సామ్సన్ కౌంటర్ దగ్గర కూర్చుని, తలెత్తకుండానే "చివర్ది లేయల్యా, చూడప్పా" అనేవాడు. ఎవరి టైమైనా అయిపోతే అర మీద పెన్నుతో కొట్టేవాడు. టక్ టక్, కొంచెం ఆగి, టక్. లోపలున్నది ఎవరైనా ఒకటే జవాబు: "ఇంగొక అర్ధగంటన్నా." ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చేశాక ఆ అరలు విప్పేశారు. సామ్సన్ ఎమ్మిగనూరు వెళ్లి కెమెరా పట్టాడు. అంత సంతోషంగా తాను మళ్లీ బతకలేదని వెంకటేశులుకు తెలుసు.

పని పూర్తయిన రోజు పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. స్టూడియోలో అడుగు పెడుతూనే చెయ్యి చాచాడు. సామ్సన్ కూడా చాచాడు, కాకపోతే పక్కకు. వెంకటేశులే ఆ చేతిని వెళ్లి పట్టుకున్నాడు. ఫోన్లో మసక అని చెప్పింది మసక కాదు.

సామ్సన్ అతని ముంజేయి తడిమి, "సన్నబడినావప్పా" అన్నాడు.

"నీ పెట్టె ఇంగా సన్నబడింది," అన్నాడు వెంకటేశులు.

స్విచ్ వేశాడు. కాసేపటికే నందిని ఫోన్లో పేజీ తెరుచుకుంది.

"ఇంత బిరీన వచ్చిందే మామా. మీ బోర్డు గూడా పెట్టినావు. సూడు చిన్నాయ..." అని సగంలో ఆగిపోయింది.

సామ్సన్‌కు ఆ మాట పట్టలేదు. చెవి పెట్టె వైపు తిప్పి ఓపిగ్గా కూర్చున్నాడు. "ఇంగా లేయల్యా?"

"లేసింది చిన్నాయనా."

"కూత రాలేదే." పెట్టె వైపు ఇంకా వంగాడు. "దినామూ నేనే స్విచ్ ఏస్తా. కూత ఇని, లేసిందని నందినికి సెప్తా. కరెంటు పోయొచ్చినా అంతే. పోనీలే, ఇంగ ఎవరినన్నా అడుగుతా."

వెంకటేశులు ముఖం మాడిపోయింది. చూడలేని మనిషికి బొమ్మ పెట్టి, వినబడే ఒక్క చప్పుడూ పీకేసిన తన తెలివికి తన్నుకోవాలనిపించింది. అక్కడే స్టూలు మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. నందిని టిఫినుకు తెప్పించిన ఉగ్గాని, బజ్జీ పక్కనే చల్లారిపోయాయి. చిప్‌లో చోటు కావాలి కాబట్టి ముందు బోర్డు ఫోటో తీయాలి. తీసేటప్పుడు చెయ్యి కాస్త ఆగిన మాట నిజమే. తీసేశాడు. ఆ చోట్లో బజర్‌ను తిరిగి కూర్చోబెట్టి, అది ఎలా మోగాలో రెండు వరసలు రాశాడు.

"ఇప్పుడు నువ్వే ఏయి సామ్సన్."

సామ్సన్ వేళ్లతో తడుముకుని స్విచ్ వేశాడు. పెట్టె గుర్రుమంది. తర్వాత కూసింది. కుయ్ కుయ్, కొంచెం ఆగి, కుయ్.

"నందినీ, లేసింది," అని అలవాటుగా కేకేశాడు సామ్సన్. కేక వేశాక గానీ ఆ పాత లయ చెవికి తట్టలేదు. ముఖమంతా మెల్లగా నవ్వయింది, కళ్లు తడిశాయి. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, వెంకటేశులు ఉన్న వైపు తల తిప్పాడు.

"ఇంగొక అర్ధగంటన్నా," అన్నాడు.