రాని నెల, పోయిన నెల

పొద్దున తొమ్మిదిన్నరకు గోపమ్మ గ్రంథాలయం తలుపు తోసుకుని శిరీన్ వచ్చేసరికి ఉరుకుందమ్మ చిమ్మడం ముగించేసి, రెండు చేటల మిరపకాయలు తెచ్చి మే నెల సంచికల ముందు పెట్టి ఉంటుంది. సాయంత్రానికి అవి గలగలలాడతాయి. కడప పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఆ గ్రంథాలయంలో పత్రికల గది మొదటినుంచీ అంతే. ఏ పత్రిక ఏ ఊళ్లో అచ్చయితే, ఆ ఊరి ఆ నెల వాతావరణం దానితోపాటే వచ్చి అరలో కూర్చుంటుంది. ఎండాకాలంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు డిసెంబరు వరుస కింద చాపలు పరుచుకుంటారు. వానాకాలం సంచికల అడుగున రేకు పళ్లేలు పెట్టి ఉంటాయి. వారానికోసారి ఉరుకుందమ్మ ఆ నీళ్లు తీసుకుపోయి వాకిట్లో చల్లుతుంది.

శిరీన్‌ది ఆరు నెలల కాంట్రాక్టు పని. ఊరూరి గ్రంథాలయాల్లో ఏ పత్రిక ఏ నెలనుంచి ఏ నెలవరకు ఉందో అన్నీ ఒకే జాబితాలోకి ఎక్కిస్తున్నారు. దానికొక పద్ధతి ఉంది. మొదటి వరుసలో పత్రిక నడక రాయాలి, వారానికొకటా, నెలకొకటా అని. రెండో వరుసలో మన దగ్గర ఉన్నవి రాయాలి. మధ్యలో ఎక్కడైనా తెగితే ఆ తెగినచోట ఒక అక్షరం వేయాలి. సంచిక అచ్చయింది, మన దగ్గర లేదు అంటే ‘జి’. అసలు అచ్చే కాలేదు అంటే ‘ఎన్’. ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు కదలదు. ఎర్రగా వెలుగుతూ అట్లాగే ఉంటుంది.

నూట పద్నాలుగు పత్రికలు ఎక్కించింది శిరీన్. ఒక్కటే మిగిలింది. నాలుగు రోజులుగా దాన్ని ముట్టుకోకుండా ఏదో ఒక వంకతో దాటేస్తోంది.

ఆ పత్రిక పేరు ‘మెట్టసేద్యం’. అహోబిలం పోయే దారిలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యేది. ఎప్పుడో ఆగిపోయింది. సంచిక సంఖ్య వేసే అలవాటు దానికి లేదు, నెల పేరు మాత్రమే ఉంటుంది. రెండువేల మూడో సంవత్సరం మార్చి తర్వాత, సంచికలు లేనిచోట, మూడు అట్టముక్కలు నిలబెట్టి ఉన్నాయి. ఏప్రిల్, మే, జూన్. వాటి తర్వాత జూలై.

ఆ మూడు సంచికలు అమ్ముకున్నాడని గ్రంథాలయం అటెండరు ఇస్మాయిల్‌ను అప్పట్లో పనిలోంచి తీసేశారు. ఇస్మాయిల్ శిరీన్ తండ్రి.

అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. నాయన సైకిలు తోసుకుంటూ మధ్యాహ్నం పూటే ఇంటికి రావడం, చెప్పులు విడవకుండా గడపమీద కూర్చోవడం ఆమెకు గుర్తు. ఆయన ఆ సంగతి మీద మళ్లీ నోరు విప్పలేదు. ఇంట్లోనే బడిపిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తూ బతికాడు. మసీదుకు పోవాలంటే గ్రంథాలయం సందు తప్పించి, చుట్టు తిరిగి పోతాడు. ఆయన మాట్లాడని మాటలన్నీ తల్లి అబీదా బీ మాట్లాడేది. “నా మొగుని మీద దొంగతనం మోపిన కొంప” అని ఇరవై రెండేళ్లుగా తిడుతూనే ఉంది. శిరీన్ అక్కడే పనికి కుదిరినప్పుడు ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. ఇస్మాయిల్ మాత్రం “మంచిది బేటీ” అన్నాడు. అంతే. ఆ గది ఎట్లా ఉందని కూడా అడగలేదు.

కార్యదర్శి జయరాజ్ వచ్చి మూడేళ్లే అయింది. ఆయనకు ఈ కథ తెలియదు. తెలిస్తే ఏమంటాడోనని శిరీన్‌కు దినదినం భయమే. ఆయన కుర్చీ జరిగిన చప్పుడయితే చాలు, ఈమె రిజిస్టరు మూసేస్తుంది.

గురువారం పొద్దున ఆయన ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

“ఏమ్మా శిరీన్, ఇంగ ఒకటే కదా ఉండేది?”

“ఒకటే సార్.”

“రేపు సాయంత్రానికి పంపల్ల. గడువు దాటితే మన గ్రంథాలయం పేరే జాబితాలోకి రాదు. పేరు రాకపోతే కమిటీ వాళ్లు ఈ గదంతా పాత కాగితాలోళ్లకు తూకమేసేస్తారు. నేను పోయి కొట్లాడినా నిలవదు.”

“అయిపోతాది సార్.”

ఆయన వెళ్లాక ఆమె పాత రిజిస్టరు తెరిచింది. అందులో రెండే మాటలు, ‘ఉంది’, ‘లేదు’. ఆ మూడు నెలలకు ఎదురుగా మూడుసార్లు ‘లేదు’ అని ఎర్రసిరాతో రాసి ఉంది. లేనిదంతా పోయినదే అని ఆ రిజిస్టరు తీర్పు. అనంతపురానికి ఫోన్ చేసింది, తిరుపతికి ఫోన్ చేసింది. ఎవరి దగ్గరా ఆ పత్రిక లేదు. ఎన్, ఎన్, ఎన్ అని కొట్టేస్తే అడిగేవాళ్లు లేరు. మూడు అక్షరాలతో నాయన మచ్చ తుడిచిపెట్టుకుపోతుంది. వేలు ఆ మీట మీద పెట్టి తీసింది. మళ్లీ పెట్టింది, తీసింది. అవి నిజంగా అచ్చయ్యి ఉంటే? రేపు ఏ ఊళ్లోనో ఒక ప్రతి బయటపడితే? దొంగ కూతురు దొంగరాత రాసిందంటారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. దాన్ని ఆమె మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. నాయన నిజంగానే తీసి ఉంటే?

ఉరుకుందమ్మ చీపురు గోడకు ఆనించి దగ్గరికొచ్చింది. ఆమెకు అంతా తెలుసు. ఎన్నడూ బయటపడలేదు.

“ఆ సంగతి కాగితాల్లో యాడుంటాది పాపా? చెయ్యి పెట్టి చూడు. వచ్చి కూచున్న నెల లేచిపోయినా జాడ ఇడిచే పోతాది. రాని నెలకు ఏముంటాది?”

“అప్పుడెవరూ చూడలేదా?”

“ఎవురు చూస్తారు? పక్కన జూలై ఉండాది కదా, తడంతా దాందే అనుకునిరి. అడిగినోళ్లూ లేరు, చెప్పినోళ్లూ లేరు.”

శిరీన్ లేచి అర దగ్గరికి పోయింది. జూలై సంచికను రెండు చేతులా తీసి దూరంగా బల్లమీద పెట్టింది. బల్ల చివరనుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారాయి. మార్చిని కూడా తీసేసింది. మూడు అట్టముక్కలే మిగిలాయి. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఏప్రిల్ అట్ట వెనకవైపుకు పోనిచ్చింది.

ఏమీ లేదు. వేడీ లేదు, చలీ లేదు. ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టినట్టుంది. అహోబిలం దిక్కు ఏప్రిల్ అంటే చర్మం చురుక్కుమనాలి. మోచేతి దాకా పెట్టి చూసింది. ఏమీ లేదు. మే అట్ట వెనకా అంతే. ఆమె గుండె ఒక్కసారిగా తేలికయింది. రాలేదు! ఆ రెండు నెలలూ అసలు రానేలేదు. నవ్వు వచ్చేస్తుంటే ఆపుకుంటూ, చెయ్యి జూన్ అట్ట వెనక్కి పెట్టింది.

వేళ్లమీద వాన పడింది.

సన్నగా, ఎడతెగకుండా పడుతోంది. మట్టివాసన మొహానికి కొట్టింది. నల్లమల అంచున పడే తొలివాన అది, వేపపండ్ల వాసన కూడా ఉంది అందులో. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మణికట్టు దాకా తడిసి ఉంది.

ఉరుకుందమ్మ ఆ చెయ్యి చూసి, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఐదు గంటలకే ఇల్లు చేరింది శిరీన్. తల్లి పక్కవీధిలో ఎవరికో కాన్పయిందని చూడ్డానికి పోయి ఉంది. ఇస్మాయిల్ వరండాలో ఒక పుస్తకానికి జిగురు రాస్తున్నాడు. శిరీన్ ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఒక్కటీ గుర్తు రాలేదు.

“అబ్బాజీ, ఏప్రిల్ రాలేదు. మే కూడా రాలేదు.”

ఆయన చెయ్యి ఆగింది.

“ప్రెస్సు మూతపడింది ఆ రెండు నెలలు” అన్నాడు మెల్లగా. “నాకు తెలుసు.”

“మరి అప్పుడెందుకు చెప్పలే?”

ఆయన జిగురు గిన్నెమీద మూత పెట్టాడు. వేళ్లకు అంటిన జిగురు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“జూన్ వచ్చింది కదా బేటీ.”

శిరీన్ తలెత్తి ఆయన్ను చూసింది.

“ఆ ఏడు ఈడ చుక్క పడలే. మీ అమ్మీ వేంపల్లెలో చెల్లెలింటికి పోయి, మిట్టమధ్యాన్నం బస్సు కోసరం నిలబడింది. వడదెబ్బ తగిలె. నిన్ను మీ పెద్దమ్మ ఇంటికి పంపిచ్చినాం, నీకు సంగతి చెప్పలే. ఒళ్లు పెనం మాదిరి కాలిపోతాండె. తడిగుడ్డ వేస్తే ఆవిరి లేస్తాండె. డాక్టరు వచ్చి చూసి, ఇంగ దేవుని మీద భారమెయ్యమనె. మూడో దినం ఆ సంచిక టపాలో వచ్చింది. విప్పి అరలో పెట్టినా. పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటే చెయ్యంతా వాన. అట్లే నిలబడుకుంటి. సాయంత్రం దాన్ని టిఫిన్ గుడ్డలో చుట్టుకోని తెచ్చేసినా.”

ఆయన గొంతులో తడబాటు లేదు. ఈ మాటలు ఇరవై రెండేళ్లుగా లోపల వరస తప్పకుండా పెట్టుకున్నట్టు చెప్పాడు.

“మంచం పైన దూలానికి కట్టినా. మూడు దినాలు ఆమె మీద వాన పడింది. నాలుగో దినం కండ్లు తెరిచి నీళ్లడిగె. దూలం పక్క చూస్తే కాగితం కరిగిపోయి, దారం ఒకటే వేలాడతాండాది. ఏం తీసకపోయి ఇచ్చేది?”

“ఒక్కటే తీసినా, రెండు రానే రాలేదని చెప్పింటే…”

“ఒకటి తీసినోని నోట్లోంచి వస్తే, రెండు రాలేదనే మాట ఎవురు నమ్ముతారు? అదీ కాక, ఎందుకు తీసినావంటే మీ అమ్మీ పేరు చెప్పల్ల. ఆమె వల్లనే పని పోయిందని ఆమెకు తెలుస్తాది. మనిషి బతికింది. ఆ మాట మోపి ఆమెను కుళ్లబెట్టమంటావా?”

శిరీన్ కళ్లు తుడుచుకుంది. “రేపు ఏం రాయల్ల నేను? మూడూ రాలేదని రాస్తే…”

“నీ అక్షరాలు ఎన్ని రకాలుండాయి?”

ఆమె చెప్పింది. రాని దానికి ఒకటి, పోయిన దానికి ఒకటి.

ఇస్మాయిల్ జిగురు గిన్నె పక్కకు జరిపాడు. “వేరే వేరే ఉండాయా?” అన్నాడు. మళ్లీ తనే అన్నాడు, “అయితే ఇంగేం. ఏది ఎట్లుంటే అట్ల రాయి.”

శుక్రవారం మధ్యాహ్నం ఆమె రాసింది. ఏప్రిల్, ఎన్. మే, ఎన్. జూన్, జి. ఆ మూడోది కొట్టేటప్పుడు కళ్లు మూసుకుంది. ఎర్రగడి మాయమైంది. పంపే ముందు కార్యదర్శి ఒకసారి చూడాలి. ఆయన అద్దాలు పెట్టుకుని చదువుతుంటే ఆమె కుర్చీ వెనక నిలబడి పమిట కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

“రిజిస్టరులో మూడూ పోయినాయని ఉండాదే? ఇస్మాయిల్ అని ఒక మనిషిని తీసేసినట్టు కూడా ఉండాది ఈడ.”

“చెయ్యి పెట్టి చూసినా సార్.”

జయరాజ్ లేచి అర దగ్గరికి పోయాడు. చొక్కా చెయ్యి మడిచి ఒక్కొక్క అట్ట వెనకా పెట్టి చూశాడు. మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు. రుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ తిరిగొచ్చి, “ఎవరా ఇస్మాయిల్? యాడుండాడు ఇప్పుడు?” అన్నాడు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. “మా నాయన సార్” అంది శిరీన్. వాన సంగతి కూడా మొదటినుంచీ చివరిదాకా చెప్పేసింది. ఆయన ‘పంపు’ అనే మీట నొక్కి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. బయట ఎండ కాస్తోంది. ఆయన మనసులో ఏముందో ఆమెకు తెలియలేదు.

మరునాడు పొద్దున ఆయనే ఇంటికి వచ్చాడు. అబీదా బీ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. గ్రంథాలయం సార్ అని తెలియగానే చేట కింద పెట్టి, కొంగు బిగించింది.

“ఇంగేం మోపను వచ్చినారు సార్? ఏమన్నా మిగిలిందా?”

“తీసేసేదానికి వచ్చినానమ్మా. రెండు సంచికలు అచ్చే కాలేదు. వాటిని అమ్ముకున్నాడనే మాట తప్పని కమిటీతో రాయిస్తా. మూడోది…” అని ఆయన ఇస్మాయిల్ వైపు చూసి ఆగాడు.

ఇస్మాయిల్ స్తంభాన్ని పట్టుకుని లేచాడు.

“మూడోది నేనే తీసినా అబీదా. నీకోసరం తెచ్చింటి. ఆ మూడు దినాలు నీమీద పడిన వాన అదే.”

అబీదా బీ ఆయన్ను చూసింది. గోడవారగా మెల్లగా కూర్చుండిపోయింది.

“ఇరవై రెండేండ్లు వాళ్లను తిట్టినా” అంది చివరికి. “ఆ తిట్లన్నీ యాడ పెట్టుకోవల్ల ఇప్పుడు నేను?”

జయరాజ్ గొంతు సవరించుకున్నాడు.

“ఇస్మాయిల్ భాయ్, పోగొట్టినోళ్లు సంచిక తెచ్చియ్యల్ల, లేకుంటే దానికి బదులు పని చేసియ్యల్ల. మా నియమం అది. ఎండాకాలం సంపుటాలన్నీ కుట్లు ఊడి విడిపోతాండాయి. కుట్టే మనిషి దొరకలే. సోమవారం రాగలరా? బదులు పని తీరినాక కూడా మీరే ఉండల్ల, మాకు వేరే మనిషి వద్దు.”

ఇస్మాయిల్ తల ఊపాడు.

సోమవారం ఆయన చుట్టుదారి పట్టలేదు. సూదులు, మైనం, దారపుండలు సంచిలో వేసుకుని నేరుగా ఆ సందులోకే వచ్చాడు. వెనకే అబీదా బీ. ఎవరూ రమ్మనకుండానే పత్రికల గదిలోకి నడిచి, “యాడ?” అని కూతుర్ని అడిగింది. శిరీన్ జూన్ అట్ట చూపించింది.

అబీదా బీ గాజులు పైకి తోసుకుని చెయ్యి లోపలికి పెట్టింది. అట్లాగే నిలబడింది. కళ్లు మూసుకుంది. ఇస్మాయిల్ ఆమె పక్కన సంచి పట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె చెయ్యి తీసి, ఆ తడంతా ఆయన భుజంమీద చొక్కాకు తుడిచింది.

“పని చూసుకోపో” అంది. “సాయంత్రం నేనే వచ్చి పిల్చుకపోతా.”