తలుపు వెనక మేకు

నేను ఒక మేకును. అలా అనగానే మీ చూపు గోడ మీదికి పోతుంది, నాకు తెలుసు. అక్కడ మీకు ఫోటో కనిపిస్తుంది, గడియారం కనిపిస్తుంది, తగిలించిన చొక్కా కనిపిస్తుంది. నేను కనిపించను. కనిపించకుండా మోయడమే మా పని. దానికి నాకేమీ బాధ లేదు లెండి. మనల్ని ఎవరూ చూడనప్పుడు మనం అందరినీ తీరుబడిగా చూడొచ్చు. చదువు సంగతి మాత్రం అడగకండి. పంతొమ్మిదేళ్లు నా మెడకు క్యాలెండరు వేలాడింది గాని, అందులో ఏది సోమవారమో ఏది శుక్రవారమో ఈనాటికీ నాకు తెలియదు. విన్నది మరిచిపోను, అంతే.

మొదట నేను ఒక పెద్ద తీగచుట్టలో ముక్కను. యంత్రం నన్ను పట్టి లాగింది, ఒక కొస కోసింది, రెండో కొస మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. ఆ దెబ్బతో నాకు తలకాయ వచ్చింది. మనుషులకు దెబ్బలు తగిలాక తలకాయ పనిచేస్తుందని అనుకుంటూ ఉంటారు. మాకు తలకాయ పుట్టేదే దెబ్బతో. అక్కడి నుంచి రైలెక్కి, సోంపేటలో ఒక ఇనప సామాన్ల కొట్లో రేకు డబ్బాలో పడ్డాను.

ఆ కొట్టుకు ఒకరోజు దమయంతి వచ్చింది. పెళ్లయి మూడు నెలలు. మొగుడు తవిటినాయుడు మిలిటరీలో ఉద్యోగం. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి అతనికి అప్పుడే క్వార్టరు ఇచ్చారు. అత్తగారు పచ్చళ్లు కట్టింది, కన్నతల్లి దుప్పట్లు కట్టింది. ఆ పిల్ల తనంతట తాను కొనుక్కున్నది మమ్మల్నే, పది మేకుల్ని.

"పదేనా అమ్మా? ఇల్లు కడతన్నారా?" అన్నాడు కొట్టాయన.

"కట్టిన ఇంట్లోకే బాబూ. అందులో మనదేటీ ఉండదంట. మేకులైనా మనవి ఉండాల కదా" అంది దమయంతి.

ఆ మాటతో నాకు ఆమె మీద అభిమానం పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

తవిటినాయుడు సిపాయి అంటే మీరు తుపాకీ అనుకుంటారు. అతను ఆఫీసు గుమాస్తా. తుపాకీ కంటే పెన్సిలు ఎక్కువ పట్టుకున్న సిపాయి. ఎర్ర పెన్సిలు. ఎవరు ఏ కాగితం రాసినా అందులో ఉండకూడనిది కొట్టేయడమే అతని పని. ముఖ్యంగా ఊరి పేరు. ఎక్కడ ఉన్నామో ఎవరికీ చెప్పకూడదు, రాయకూడదు. ఇంటికి రాసే ఉత్తరాల్లో కూడా "నేను ఉన్నచోట చలిగా ఉంది, మీరున్న చోట కుశలమని తలుస్తాను" అనే రాసేవాడు. అందుకని నేనూ మీకు ఊళ్ల పేర్లు చెప్పను. ఎండ ఊరు, వాన ఊరు, ఇసక ఊరు, మంచు ఊరు అంటాను. ఆయన ఇది చదివినా నన్ను కొట్టేయడానికి వీల్లేకుండా.

రెండు మూడేళ్లకోసారి ఊరు మారేది. క్వార్టరు ఖాళీ చేసే రోజున ఆఫీసు మనిషి రిజిస్టరు పట్టుకుని వస్తాడు. బల్బులు ఎన్ని, కుళాయిలు ఎన్ని, కిటికీ అద్దాలు ఎన్ని, అన్నీ లెక్క. గోడకు మేకు ఉండకూడదు, మేకు కన్నం కూడా ఉండకూడదు. అందుకని ముందురోజు దమయంతి నన్ను పీకి, బండ మీద పెట్టి, వంకర తీసి, కొబ్బరినూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టెలో పడేసేది. తరువాత వేలికి టూత్‌పేస్టు తీసుకుని కన్నాలన్నీ పూడ్చేది. సున్నం గోడలో తెల్ల పేస్టు ఎవడికి కనిపిస్తుంది? ఆఫీసు మనిషి గోడ దగ్గరికి వచ్చి, ఈ ఇల్లు ఎంత చల్లని సువాసన వేస్తోందో అనుకుని వెళ్లిపోయేవాడు. తవిటినాయుడు కాగితం మీద సంతకం పెట్టేవాడు. మేము ఆ ఇంట్లో ఎన్నడూ లేనట్టు అయిపోయేది.

ఇసక ఊళ్లో వాళ్లకు వైశాలి పుట్టింది. ఆ పిల్ల కథే నేను చెప్పాలని కూర్చున్నది.

ఎనిమిదో క్వార్టరులో ఉండగా వైశాలికి పదిహేడేళ్లు వచ్చాయి. ఇళ్లు కట్టే చదువు చదవాలని ఆ పిల్ల పట్టుదల. సొంత ఇల్లంటే ఎలా ఉంటుందో తెలియని పిల్లకు ఆ చదువు మీద మనసెందుకు పడిందో నేను అడగను, మీరూ అడగకండి. ఒక కాలేజీ ఉంది, దూరంగా. ఫీజు కూడా కాలేజీ వాళ్లే పెట్టుకునే సీట్లు అందులో నాలుగే నాలుగు. ఆ నాలుగూ మార్కులు చూసి ఇవ్వరట. మిలిటరీ ఇంట్లో పెరిగానని ఈ పిల్ల ఫారంలో రాసింది కదా, అయితే ఎలా పెరిగావో ఆరువందల మాటల్లో వ్యాసం రాయమన్నారు. ఆదివారం సాయంత్రం ఐదులోపు పంపాలి. అది బాగుంటే చదువు, లేకపోతే లేదు.

గురువారం మొదటిది రాసింది. ఇంగ్లీషులో రాసి, కూరగాయలు తరుగుతున్న తల్లికి తెలుగులో చదివి వినిపించింది. తుపాకుల మోత వింటూ నిద్రపోయాననీ, దేశమే తన ఊయల అనీ ఇంకా ఏవేవో.

దమయంతి కత్తి ఆపింది. "నువ్వెప్పుడిన్నావే తుపాకీ మోత? దీపావళికి మంచం కిందకి దూరిపోతావు."

"అందరూ ఇలాగే రాస్తారమ్మా. నెట్‌లో ఉన్నవన్నీ ఇవే."

"అందరూ రాసినదే నువ్వూ రాస్తే, నువ్వెవరో ఆలకెలా తెలుస్తాది?"

పిల్ల కాగితం చింపింది. శనివారానికి రెండోది రాసింది. ఈసారి నిజమే రాసింది పాపం. ఏడు ఊళ్లు, ఆరు బళ్లు, ప్రతి బళ్లోనూ కొత్తగా వచ్చిన పిల్లగా గోడవారన నుంచోవడం, భాష నేర్చుకునేసరికి సామాన్లు కట్టడం. పిల్ల పైకి చదువుతుంటే నాకే మెడ బరువెక్కింది. తండ్రికి చూపించింది. అక్కడే వచ్చింది తంటా.

తవిటినాయుడు కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, క్యాలెండరు కింద ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. కూతురి భవిష్యత్తు కదా, ఒళ్లు దగ్గర పెట్టుకుని దిద్దాడు. గంటసేపు, ప్రతి మార్పూ పైకి చదువుకుంటూ. పేరాలకు నంబర్లు వేశాడు. ఒకటో పేరా కింద ఏ, బీ, సీ. "ఏడ్చాను" అన్నచోట "అభ్యర్థి స్వల్ప అసౌకర్యానికి గురైనది" అని మార్చాడు. ఊరి పేరు కనిపించినచోటల్లా అడ్డంగా గీత. రెజిమెంటు పేరు, గీత. బడి పేరు, గీత. కొండ పేరు, నది పేరు, గీత. చివర "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని చేర్చి ఇచ్చాడు.

వైశాలి చూసుకుంది. కాగితమంతా ఎర్రగా ఉంది.

"నాన్నా, ఊళ్లన్నీ కొట్టేశావు."

"ఊరి పేర్లు బయటికి రాయకూడదు అమ్మడూ. నియమం."

"నేను పెరిగింది ఆ ఊళ్లలోనే కదా. అవి తీసేస్తే నేను ఎక్కడ పెరిగినట్టు?"

తవిటినాయుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అతని దగ్గర దానికి నియమం లేదు. ఇరవై రెండేళ్లుగా కాగితాలు దిద్దాడు గాని, కాగితం ఎదురుగా నుంచుని ఏడుపు ఆపుకోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

"ఏదైనా మిగిలిందేటి ఇందులో?" అంది దమయంతి, పొయ్యి దగ్గర నుంచి వస్తూ.

మిగిలింది. ఒకే ఒక్క వాక్యం. రెండో పేజీ అడుగున ఉన్నది వైశాలి చదివింది. *ఇల్లు ఖాళీ చేసే ముందు మా అమ్మ గోడ కన్నాలకు టూత్‌పేస్టు పూసేది.* ఊరి పేరు లేదు కాబట్టి పెన్సిలు దాన్ని దాటిపోయింది. ఇప్పుడు తవిటినాయుడు దాన్నీ చూశాడు. పెన్సిలు మళ్లీ అందుకున్నాడు.

"ఇది అసలు రాయకూడదు. క్వార్టర్ల ఆఫీసు వాళ్లకి తెలిస్తే..."

దమయంతి అతని చేతి మీద చెయ్యి వేసింది. "ఇదొక్కటీ ఒగ్గేయండి. మీ ఊళ్లు దేశ రహస్యమంటే నేను ఊరుకున్నాను. ఇది దేశానిది కాదు. నాది."

అంతటితో ఆగి ఉంటే నా కథ ఇక్కడే అయిపోయేది. కాని రహస్యం ఒకటి బయటికొస్తే దాని వెనకాలదీ వస్తుంది. దమయంతి కూతురి పక్కన కూర్చుంది.

"అన్ని కన్నాలూ పూడ్చీలేదే" అంది నెమ్మదిగా. "మొదటి క్వార్టరుకి వెళ్లినప్పుడు వాన. రైల్లో రెండ్రోజులు. భాష రాదు. మీ నాన్న నన్ను దింపేసి డ్యూటీకెళ్లిపోనారు. బట్టలన్నీ తడిసిపోయి, ఎక్కడ ఆరేయాలో తెలీక తడి శాలువా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయేను. వంటింటి తలుపు వేస్తే దాని వెనక ఒక మేకు ఉన్నాది. ముందున్న మనిషెవరో ఒగ్గేసి ఎల్లిపోయింది. శాలువా దానికి తగిలించేను. నేనొస్తానని ఎవరో ముందే అనుకున్నట్టనిపించింది. ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ మేకు అలాగే ఉంచేసి, దాని పక్కన నాదొకటి కొట్టేను. అప్పట్నుంచి ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఒకటి."

మేము పదిమందిమి కదా. ఏడుగురిని ఏడు ఇళ్లలో వదిలింది. ఇద్దరు గట్టి గోడల్లో తలలు పోగొట్టుకున్నారు. మిగిలింది నేను. ఇది నేను మీకు ముందే చెప్పి ఉండొచ్చు. కాని చెప్పాల్సింది ఆమె, నేను కాదు.

వైశాలి తల్లి వైపు చూస్తోంది. తవిటినాయుడు గోడ వైపు చూస్తున్నాడు.

"ఏడిళ్లలోనా?" అన్నాడు.

"ఏడిళ్లలోనూ."

"దమయంతీ, మేకులు లేవని నేను ఏడుసార్లు సంతకం పెట్టేను."

"పెట్టేరు. తలుపు వెనక చూసేరేటి?"

చూడలేదు. ఆ మనిషి ముఖం చూడాలి మీరు. ఎన్నడూ ఒక్క తప్పు కాగితం పంపని గుమాస్తా. కాసేపటికి అతని మీసాల కింద ఏదో కదిలింది. అది నవ్వేనని నా నమ్మకం.

"మంచు ఊళ్లో చలికాలమంతా డ్యూటీ మీద నేను మీతో లేను" అన్నాడు చివరికి. "అక్కడ వదిలిన మేకుకి అదివరకు ఏం తగిలించేవు?"

"అమ్మడి స్వెట్టరు. నాలుగురోజులకీ ఆరేది కాదు."

అతను ఎర్ర పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాడు. "రాసుకో అమ్మడూ. ఊరి పేర్లు లేకుండానే రాసుకో. నా సంతకం దీనికి అక్కర్లేదు."

ఆదివారం పొద్దున్నే పిల్ల బల్ల ముందు కూర్చుంది. ఒక్క ఊరి పేరూ లేదు. తాము ఎన్నడూ లేనట్టు వెళ్లిపోవడమే పరీక్ష పాసవడమని నమ్మిన ఇంటి గురించి రాసింది. తలుపు వెనక మాత్రం తన తల్లి ఆ పరీక్షలో ఏడుసార్లు తప్పిందని రాసింది. ఎవరో తెలియని మనిషి కోసం ఒక చోటు ఉంచడం ఇల్లు కట్టడంలో మొదటి పాఠమైతే, ఆ పాఠం తన తల్లికి వచ్చునని రాసింది. చదివి వినిపిస్తే దమయంతి, "నాకు ఇంత చదువెక్కడిదే" అని లోపలికి వెళ్లిపోయింది. పప్పు మాడిన వాసన వచ్చేదాకా బయటికి రాలేదు. ఐదు కాకముందే వైశాలి పంపేసింది.

రెండు నెలలకు బదిలీ వచ్చింది. సామాన్లు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. బల్ల కూడా కట్టేసిన రోజున కాలేజీ వాళ్లు ఫోన్లో ముఖాముఖి మాట్లాడతామన్నారు. పెట్టె మీద పెట్టె పెట్టి దాని మీద ఫోను నిలబెట్టారు. వైశాలి నాకు సరిగ్గా కింద కూర్చుంది. తెరలో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆవిడ అడిగింది, ఈ ఇంట్లో మేకు ఎక్కడ వదులుతారని.

"ఇంకా నిర్ణయించలేదు మేడమ్" అంది వైశాలి. "ఈసారి అమ్మ నన్ను చూడమంది. చోటు నిర్ణయించాలంటే రాబోయేవాళ్లెవరో తెలియాలి. ఎవరో తెలియకపోతే, ఎవరికైనా పనికొచ్చేలా ఉండాలి. అదే ఆలోచిస్తున్నాను."

ఆవిడ ఏదో రాసుకుంది. మంచిదో చెడ్డదో నాకు తెలియదు. చెప్పాను కదా, నాకు చదువు రాదు.

లారీ వచ్చే రోజు పొద్దున కబురు వచ్చింది. నాలుగు సీట్లలో ఒకటి వైశాలిది. పిల్ల అరవలేదు, గంతులేయలేదు. ఫోను తల్లి చేతికిచ్చి ఖాళీ గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయింది. తవిటినాయుడు ఆ కబురు రెండుసార్లు చదివాడు, రెండుసార్లూ పెన్సిలు లేకుండానే. అప్పుడు దమయంతి క్యాలెండరు దించింది, నన్ను పీకింది, బండ మీద వంకర తీసింది. సుత్తి కూతురికి ఇచ్చింది.

వంటింటి తలుపు వెనక దుమ్ము వాసన. వైశాలి గోడను వేలితో తట్టుకుంటూ చూసుకుంది. తల్లి ఎత్తు దగ్గర ఆగలేదు. ఇంకా కిందికి వచ్చింది, తన నడుము కంటే కిందికి.

"అంత కిందకేటే?" అంది దమయంతి. "మనిషెవరైనా వంగాల."

"పెద్దవాళ్లు వంగగలరమ్మా. చిన్నవాళ్లు అప్పటికప్పుడు పెరగలేరు కదా."

నాలుగు దెబ్బలు. గట్టి చెయ్యి, తిన్నని దెబ్బ. గుమ్మం దగ్గర తవిటినాయుడు నిలబడి చూస్తున్నాడు. ఆఫీసు మనిషి వచ్చే వేళయింది. అతను ముందుకు వచ్చి, తలుపు తన చేత్తోనే నా మీదికి నెట్టాడు.

వాళ్లు వెళ్లిపోయి వేసవి గడిచింది. ఈ ఇంట్లోకి ఎక్కడి వాళ్లో వచ్చారు. వాళ్ల భాష నాకింకా పట్టుబడలేదు, పట్టుబడుతుంది. వచ్చిన మొదటిరోజు పెద్దవాళ్లు పెట్టెలు దింపుకుంటూ కేకలేసుకుంటున్నారు. నాలుగేళ్ల పిల్ల ఒకతి చేతిలో నీళ్లసీసాతో గదిగదీ తిరిగింది. తలుపు వెనక్కి వచ్చింది, నన్ను చూసింది. ఎవరినీ పిలవకుండా, మునివేళ్ల మీద నిలబడకుండా, సీసా తాడు తీసి నా మెడకు వేసింది.