ఫిల్టరు మీద సంతకం

కొత్త కోడలికి ఆ ఇంట్లో దాదాపు అన్నీ నచ్చాయి. వంటింటి కిటికీలోంచి గట్టు మీద పడే పొద్దుటెండ నచ్చింది. మేడమెట్లలో ఎవరు కాలు పెట్టినా కుయ్యిమనే మూడో మెట్టు నచ్చింది. అబద్ధమాడాలని అనుకోగానే ఎర్రబడిపోయే భర్త చెవులు మరీ నచ్చాయి. నచ్చనిది ఒక్కటే, మామగారి ఫిల్టరు సిద్ధాంతం.

మామగారికి ఒక కారుంది. పద్దెనిమిదేళ్ళ వయసొచ్చినా నిన్న షోరూము దాటినట్టుంటుంది. దాన్ని ఆయన ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు, కన్నకొడుక్కి కూడా. కొడుకు నడపాలంటే ఈయన పక్కసీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకును ఇంటికి చేరేదాకా తొక్కుతూనే ఉండాలి. అలాంటి మనిషికి ఏం కరుణ పుట్టిందో! పెళ్ళయి మూడు వారాలైనా ఇంట్లో చుట్టాల సందడి తగ్గలేదనీ, కొత్త జంటకి పట్టుమని పది నిమిషాల ఏకాంతం దొరకలేదనీ ఎలా కనిపెట్టారో ఏమో, "శనివారం పొద్దున్నే కారు తీసుకుని బయల్దేరండి. రెండు రోజులు సముద్రం చూసి రండి" అన్నారు.

కోడలు ఆ మాటకి మూడో మెట్టు మీద అడుగు పడకుండానే మేడెక్కేసింది.

అయితే శుక్రవారం పొద్దున్నే షరతు బయటపడింది.

"మోకాలు నొప్పి, నేను షెడ్డుకి రాలేను. మీరిద్దరూ వెళ్ళి ఇంజిన్ ఆయిల్ మార్పించుకు రండి. ఫిల్టరు జోలికి మాత్రం పోవద్దు. రెండు ఆయిళ్ళకి ఒక ఫిల్టరు, అదీ లెక్క. కిందటిసారి మార్చాం కాబట్టి ఈసారి దానికి సెలవు లేదు" అన్నారు మామగారు.

కోడలు ఊరుకుని ఉంటే కథే లేదు. కానీ ఆ కారు హ్యాండ్‌బుక్కు ఆమెకి కంఠతా వచ్చు. చుట్టాలతో నిండిన ఇంట్లో కొత్త దంపతులకి గుసగుసలాడుకునే చోటు నిలబెట్టి ఉన్న కారొక్కటే. ఎవరైనా అటు వస్తే ఆమె చటుక్కున హ్యాండ్‌బుక్కు తీసి చదువుతున్నట్టు మొహం పెట్టేది. అలా పెట్టగా పెట్టగా పుస్తకమంతా అయిపోయింది.

"ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టరు కూడా మార్చాలని పుస్తకంలో ఉంది మావయ్యా. ఆయిల్లో చేరే మట్టీ మసీ అన్నీ పట్టుకునేది అదే కదా. కొత్త ఆయిల్ పోసి పాత ఫిల్టరు ఉంచడమంటే, తలంటు పోసుకుని విడిచిన బట్టలే మళ్ళీ కట్టుకున్నట్టు."

"పుస్తకానికేం, ఎన్నైనా చెబుతుంది. పద్దెనిమిదేళ్ళుగా నా లెక్క ప్రకారమే నడుస్తోంది ఇంజిన్. ఒక్కసారైనా దగ్గిందా?"

దగ్గలేదు.

అసలు సంగతి భర్త ఆమె చెవిలో చెప్పాడు. అత్తగారి అన్నయ్యకి స్పేర్‌పార్టుల దుకాణం ఉంది. కారు కొన్న కొత్తలో ఆయన పదిమందిలో, "బావగారూ, ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టరు కూడా మార్చండి" అన్నాడు. "నీ సరుకు అమ్ముడు పోవడానికి నా ఇంజినే దొరికిందా?" అని ఈయన అక్కడికక్కడే 'రెండు ఆయిళ్ళకి ఒక ఫిల్టరు' అని ప్రకటించేశారు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడమంటే బావమరిది ముందు తల దించుకోవడమే.

"సాయంత్రం చూస్తాను. ఫిల్టరు మీద నా సంతకం చెక్కుచెదరకుండా ఉంటేనే తాళంచెవి. లేదంటే సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది చూసుకోవచ్చు" అని మామగారు తేల్చేశారు.

ఆ సంతకం ఉత్త బెదిరింపు కాదు. కొత్త ఫిల్టరు బిగించిన రోజున ఆయన తెల్ల పెయింటు పెన్నుతో దాని మీద తారీఖు, కిలోమీటర్లు వేసి సంతకం చేస్తారు. ఆ తర్వాత గడ్డం గీసుకునే అద్దాన్ని కర్రకి కట్టి, టార్చి వేసి, బానెట్ సందులోంచి తనిఖీ చేస్తారు.

కారు వీధి మలుపు తిరగగానే కోడలు హ్యాండ్‌బ్యాగులోంచి తెల్ల పెయింటు పెన్ను తీసింది. దాని వెనకే, మామగారి సంతకం నలభైసార్లు సాధన చేసిన పాత న్యూస్‌పేపరు ముక్క కూడా.

భర్త చెవులు మందారాలైపోయాయి. "ఫోర్జరీయా! నాన్నకి తెలిస్తే?"

"తెలిస్తే సముద్రం లేదు. తెలియకపోతే సముద్రమూ ఉంది, ఇంజినూ ఉంది. పోనీ, నాలుగు వందల కిలోమీటర్లు మసి పట్టిన ఫిల్టరుతో వెళ్దామా? మధ్యదారిలో బండి ఆగితే తోస్తావా?"

ఇంట్లో 'ఏమండీ', కారులో 'నువ్వు'. ఈ మార్పు వినబడినప్పుడల్లా భర్తకి సగం బుర్ర పనిచెయ్యదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

షెడ్డులో మెకానిక్కుని అందరూ సైలెన్సర్ అంటారు, నోట్లోంచి చప్పుడు రాదు కాబట్టి. ఆయన కారుని గుంత మీద నిలబెట్టి, కిందకి దిగి, నట్టు విప్పి, నల్లటి ఆయిల్‌ని రేకు డబ్బాలోకి వదిలాడు. కోడలు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గుంత అంచున కూర్చుంది.

"బాబాయ్ గారూ, ఒక చిన్న సాయం. ఫిల్టరు కూడా మార్చెయ్యండి. మావయ్యగారి సంతకం నేను చూసుకుంటాను" అని పెన్ను చూపించింది.

సైలెన్సర్ ఆ పెన్ను వంక చూశాడు. ఆమె వంక చూశాడు. పైకొచ్చి, చేతులు తుడుచుకుని, అరలో ఉన్న రేకు పెట్టె తెరిచాడు. అందులో కొత్త ఫిల్టరు, దాని పక్కనే అచ్చం అలాంటి తెల్ల పెన్ను. గోడవారనున్న అట్టముక్క మీద ఒక్క గీతలో మామగారి సంతకం పెట్టి, కింద టక్ టక్‌మని రెండు చుక్కలు పెట్టాడు. మామగారికే అంత బాగా రాదు.

దంపతులిద్దరూ ఒకేసారి అట్టముక్క మీదికి వంగారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు భర్త.

"బండి కొన్నప్పట్నించి. ఆయన గుంతలోకి దిగరుగా."

"అంటే ప్రతిసారీ మారుస్తూనే ఉన్నారా? మరి నాన్న లెక్క?"

"ఆయన మాట ఆయనకి దక్కాలి. బండి నాకు దక్కాలి."

ఇంజిన్ పద్దెనిమిదేళ్ళూ ఎందుకు దగ్గలేదో కోడలికి అప్పుడర్థమైంది. నవ్వు ఆపుకోలేక గుంతలో పడబోతే భర్త పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే ఉంది.

సైలెన్సర్ పాత ఫిల్టరు తిప్పి తీశాడు. కొత్తదాని రబ్బరు వాషరుకి వేలితో ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాడు. సంతకం పెట్టబోతుంటే కోడలు బతిమాలింది.

"ఈ ఒక్కసారికి నన్ను పెట్టనివ్వండి బాబాయ్. నలభైసార్లు రాసి నేర్చుకున్నాను."

పాత ఫిల్టరు పక్కన పెట్టుకుని తారీఖు, కిలోమీటర్లు, సంతకం అన్నీ దించేసింది. సైలెన్సర్ మసిగుడ్డతో రుద్ది దానికి ఓ ఎనిమిది నెలల వయసు పెంచాడు. కొత్త ఫిల్టరు తాలూకు ఖాళీ అట్టపెట్టెని కోడలు వెనకసీట్లో పడేసుకుంది, తమ మొదటి దొంగతనానికి గుర్తుగా.

సాయంత్రం మామగారు కర్రా అద్దమూ పట్టుకుని బానెట్ ముందు నిలబడ్డారు. టార్చి వెలుగు లోపల అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగింది. ఎంతకీ కదలదు. కోడలికి కళ్ళముందే సముద్రం వెనక్కి వెనక్కి పోతోంది. భర్త చెవుల సంగతి సరేసరి.

"ఇవాళ షెడ్డులో సైలెన్సర్ లేడా?" అన్నారు మామగారు చివరికి.

"ఉన్నాడు నాన్నా."

"మరి ఇదెవడు బిగించాడు?"

"ఏది మావయ్యా?" అంది కోడలు, అమాయకత్వమంతా ముఖంలోకి తెచ్చుకుని.

"ఈ కొత్త ఫిల్టరు. నేను సంతకం కింద ఒక చుక్క పెడతాను. వాడు రెండు పెడతాడు. దీనికసలు చుక్కే లేదు. ఎవడో దారినపోయేవాడు బిగించాడేమోనని గుండె జారిపోయింది నాకు."

పాత ఫిల్టరు మీద చుక్క ఉండాల్సిన చోట దట్టంగా మడ్డి పట్టి ఉన్న సంగతి కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. ఇక దాచి లాభం లేదు.

"బిగించింది ఆయనే. సంతకం మాత్రం నాది" అంది. అని, అప్పుడు ఉలిక్కిపడింది. "అయితే మీకు తెలుసా?"

మామగారు ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "మొదటిసారే తెలిసింది. వాడు రెండు చుక్కలెందుకు పెడతాడో ఇప్పటికీ తెలీదు. అడిగితే, నాకు తెలుసని వాడికి తెలిసిపోతుంది. వాడికి తెలిస్తే మానేస్తాడు. మానేస్తే ఇంజిన్ గతేం కాను? మీ అత్తయ్య అన్నగారి ముందు నా గతేం కాను?"

తన తండ్రి ఇంత గడుసువాడని భర్తకి ఇన్నేళ్ళలో తట్టలేదు పాపం.

"మరి తాళంచెవి మావయ్యా?" అంది కోడలు మెల్లగా.

"నేనన్నదేమిటి? నా సంతకం చెక్కుచెదరకుండా ఉంటేనే అన్నాను. ఇందులో చుక్క లేదు. పెన్నుందా?"

ఉంది. కోడలు బానెట్ సందులోకి చెయ్యి పోనిచ్చింది.

"ఒకటా, రెండా?"

"మూడు పెట్టు. ఇకమీద ఎవరు మార్పించారో నాకు తెలియొద్దూ?"

మూడు చుక్కలు పడ్డాయి. జేబులోంచి తాళంచెవి బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే అత్తగారు మంచినీళ్ళ సీసాల సంచీతో కారు దగ్గరికొచ్చి వెనక తలుపు తెరవబోయింది.

"ఏమండీ, మా అన్నయ్య ఫోన్ చేశాడు. ఫిల్టరు మార్పించారా అని అడుగుతున్నాడు."

"లేదు!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

ఆ కేక ఆగేలోపే భర్త అవతలి తలుపు తీసి వెనకసీట్లోకి దూకి, మేనమామ దుకాణం ముద్ర ఉన్న ఖాళీ అట్టపెట్టె మీద చతికిలబడ్డాడు. ఫట్‌మని చప్పుడైంది.

"ఏమిట్రా అది?" అంది అత్తగారు.

"సీటమ్మా. పాత సీటు కదా" అన్నాడతను, రెండు చెవులూ భగభగలాడుతుండగా.