పాలపిట్ట కొఱకు నిలిచిన కారు

వర్షధారాక్షాళితమై నిర్మలనీలచ్ఛవిఁ దాల్చిన గగనము క్రింద పక్వోన్ముఖశాలిక్షేత్రములు మందమారుతాందోళితములై మెఱయుచుండఁగా గట్లవెంట గునుగుపూవులు వెల్లగా విరియఁబూచి యుండఁగా అపరాహ్ణభానుఁడు కరీంనగరపు రాచబాటను కాంచనకాంతులఁ దీర్చుచుండిన విజయదశమినాఁడు ఎఱ్ఱోజు నరహరి యనువాఁడు వెండితీఁగె పనిలోఁ బేరొందిన తన చెల్లెలగు వేదవతిని వెనుకసీటునఁ గూర్చుండఁబెట్టుకొని పాలపిట్టదర్శనార్థమై కారులో ఊరివెలుపలికి బయలుదేఱెను. పండుగనాఁడు ఆ పక్షిని చూచినవారికి ఏడాదియంతయు జయమే యని యా ప్రాంతజనుల నమ్మకము. ఉదయమున వాహనపూజ సలుపుచు నతఁడు భక్తి యుప్పొంగఁగా వెనుకదీపములపైఁ గూడ చందనము దట్టముగాఁ బూసి కుంకుమ యద్ది బంతిదండ వ్రేలాడఁగట్టెను. దేవతకు ముచ్చటగా నుండెనేమో కాని వెనుక వచ్చువారికి బ్రేకుదీపము కనఁబడు వీలు లేకపోయెను.

కరెంటుతీఁగెపై నీలిఱెక్కల పక్షి కానవచ్చినంతనే నరహరి మైమఱచి నడిబాటలో బ్రేకు త్రొక్కెను. వెనుక నంటినట్లు వచ్చుచుండిన కారును నడపుచున్న కళాశాలోపన్యాసకుఁడు తాటిపల్లి శ్రీపతి యా క్షణమున సెల్‌ఫోనులోఁ బండుగ శుభాకాంక్షలు చదువుకొనుచుండఁగా అతని కారు వచ్చి ముందుకారును గ్రుద్దెను. పక్షిని చూచుటకై వెనుదిరిగి వెనుకద్దముపైఁ గుడిచేయి యానించిన వేదవతి యా తాఁకిడికి అద్దము బ్రద్దలై మణికట్టునరములు తెగి రక్తసిక్తయై వ్రాలెను. వెండిని వెండ్రుకవలె సాగఁదీసి నెమళ్లను మలఁచిన యా వ్రేళ్లు మఱల వంగలేదు.

నాఁటినుండి నరహరిహృదయము ప్రతీకారాగ్నిజ్వాలాకులమయ్యెను. శ్రీపతి వారి యింటికి వచ్చి తప్పు తనదే యని చేతులు జోడించి నిలువఁగా "నా చెల్లె చేయి పోయినంక నీ దండాలెందుకు? నిన్ను కొలువుల కెల్లి ఊడగొట్టి జైల్ల పెట్టేదాక నాకు నిద్ర పట్టది" అని గుమ్మము దాఁటనీయక పంపివేసెను. వకీలుల యిండ్లచుట్టుఁ దిరుగుటయే యతనికి నిత్యకృత్యమయ్యెను. విచారణకు ముందు చెల్లెలిని సమీపించి "వెనుక లైట్లు మంచిగ వెలిగినయని చెప్పు చెల్లె. నీ చేయి కోసమే అడుగుతున్న" అనెను. ఆమె బదులాడలేదు. మౌనమును సమ్మతిగాఁ దలఁచుట పగఁబట్టినవారికి సుళువు.

న్యాయస్థానమున శ్రీపతి తాను ఫోను చూచుచుంటినని దాఁచక చెప్పెను. పిమ్మట సాక్షిస్థానమున నిలిచిన వేదవతి నిర్వికారస్వరమున నిట్లనెను.

"లైట్లు కనవడలే సార్. పొద్దుగాల గంధం పూసింది మా అన్ననే. రోడ్డు నడుమ ఆపింది కూడ ఆయననే."

దూరము పాటింపక పరధ్యానమున వాహనము నడపిన వెనుకవానిది రెండుపాళ్ల దోషమనియు దీపములు గప్పి యకారణముగా నడిబాట నిలిపిన ముందువానిది ఒకపాలనియు న్యాయాధిపతి తీర్పు చెప్పెను. శ్రీపతి తలవంచి తన పాలు స్వీకరించెను. నరహరి మాత్రము రోషకషాయితలోచనుఁడై యిలు సేరెను.

"పదిమందిల నా ఇజ్జత్ తీసినవు. వానిమీద నాకున్న పగ నీకు లేదా?"

"ఉన్నది. ఇద్దరిమీద ఉన్నది. ఆయన ఒప్పుకున్నడు" అని యామె వంటయింటిలోనికిఁ బోయి కంచము పెట్టుకొనెను.

ఇన్ని నెలలలో ఒక్కపూటయు ఆమె యెట్లు భుజించుచున్నదో చూచి యెఱుఁగని నరహరికి అప్పుడు గాని కుడిచేయి పనిచేయని యామె తినుట యెట్లను నూహ తట్టలేదు. సిగ్గుపడి యతఁడు చేతులు గడిగికొని యెదురుగాఁ జతికిలఁబడి పప్పన్నము కలిపి ముద్ద చేసి యామె నోటి కందించెను.

"ఉండనీ అన్నా. ఎడమచేయి అలవాటైంది."

శుభకార్యములకుఁ గాని యన్నమునకుఁ గాని యెడమచేతి నెన్నఁడును ముందుకు రానీయని యా యింటి యాఁడుబిడ్డ కనులెత్తి యన్నను సూటిగాఁ జూచుచు ఎడమచేతితో నొక్కొక్క ముద్దయే మెల్లగాఁ దినఁజొచ్చెను. తొందరపడలేదు. అతఁడు ముద్ద పట్టుకొని యా కంచము ఖాళీ యగువఱకుఁ జూచుచుఁ గూర్చుండెను.