రెండు బ్రేకుల కారు

"సరేలెండి" అనే మాటను కనిపెట్టింది ఎవరో తెలియదు గానీ, దాన్ని అరగదీసింది మాత్రం డ్రైవింగ్ టీచర్ మొగుడే. ఫోటోలకు ఫ్రేములు కట్టే ఆ మనిషి ఎవరేమడిగినా కాదనలేడు. డబ్బులు తర్వాత ఇస్తామంటే సరేలెండి. ఫ్రేము నచ్చలేదు, ఊరికే ఇంకోటి కట్టమంటే సరేలెండి. చివరికి వీధివాళ్ళు ఆయన అసలు పేరు మరిచిపోయి సరేలెండి గారనే పిలవడం మొదలుపెట్టారు. దానికీ ఆయన సరేలెండి అన్నాడు.

టీచర్ వేరే రకం. ఆమె కారుకు రెండు బ్రేకులు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒకటి, పక్క సీట్లో ఆమె కాలి కింద ఒకటి. ఏళ్ళ తరబడి దాన్ని తొక్కీ తొక్కీ ఆమె కుడికాలికి ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఇంట్లో మొగుడు సరేలెండి అనబోతున్నాడని అనుమానం వస్తే చాలు, ఆ కాలు దానంతటదే నేలను గట్టిగా తొక్కేది. నేలకు బ్రేకు లేదు కాబట్టి ఆయన ఆగేవాడు కాదు.

ఆ ఉదయం కారు నడుపుతున్నది లాయరమ్మ. కోర్టులో ఆమె నోరు విప్పితే అవతలివాళ్ళకు ముచ్చెమటలు పోస్తాయని చెప్పుకుంటారు. స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం ఆ చెమటలన్నీ ఆమెకే. నెలల తరబడి నేర్చుకుంటున్నా రెండో గేరు దాటలేదు, ఖాళీ మైదానం వదిలి పెద్దరోడ్డు ఎక్కలేదు. టీచర్ ఓపిగ్గా నాలుగో చుట్టు తిప్పిస్తుండగా ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

"ఇదిగో, ఆ పాత కారు అప్పువాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు," అన్నాడు మొగుడు. "పాపం, మర్యాదగానే మాట్లాడారు. ఏదో కాగితం మీద సంతకం పెట్టి, తోచినంత కడితే చాలట. మనిషి బయల్దేరాడట. సరేలెండి అన్నాను. అదిగో, మళ్ళీ వాళ్ళే చేస్తున్నారు, ఉంటా."

టీచరూ లాయరమ్మా ఒకేసారి బ్రేకు తొక్కారు. కారు గుర్రుమని ఆగి ఇంజన్ ఆగిపోయింది.

"ఏ కారు? ఎప్పటి అప్పు?" అంది లాయరమ్మ. ఆ గొంతు మైదానంలో ఎప్పుడూ వినిపించని గొంతు.

టీచర్ గబగబా చెప్పింది. వెనకటికి ఆయన అప్పు చేసి కారు కొని టాక్సీ తిప్పాడు. ఎక్కినవాళ్ళు ఎంతిస్తే అంత పుచ్చుకున్నాడు. వాయిదాలు తప్పాయి. అప్పిచ్చిన కంపెనీ వచ్చి కారు పట్టుకుపోయి ఎవరికో అమ్మేసి, ఇంకా బాకీ ఉందని ఒక ఉత్తరం రాసి ఊరుకుంది. ఆ బాకీని ఇప్పుడు ఇంకో కంపెనీ కొనుక్కుని ఫోన్లు చేస్తోంది.

"చివరిసారి వాయిదా ఎప్పుడు కట్టారు?"

"ఆరేళ్ళు దాటింది."

"ఆ తర్వాత చిల్లిగవ్వైనా కట్టారా? ఎక్కడైనా సంతకం పెట్టారా? కోర్టు నుంచి ఏదైనా వచ్చిందా?"

"ఏదీ లేదమ్మా."

లాయరమ్మ కళ్ళు మెరిశాయి. "అప్పు వసూలుకి కోర్టుకెక్కడానికీ గడువుంటుంది టీచర్‌గారూ. ఇక్కడి చట్టం వాళ్ళకి మూడేళ్ళిచ్చింది. వాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోయారు. ఇప్పుడు కేసు వేసినా, గడువు దాటిందని మనం చెబితే చాలు, నిలవదు. కానీ మీ ఆయన ఇవాళ బాకీ కడతానని ఆ కాగితం మీద సంతకం పెట్టారనుకోండి, చచ్చిన బాకీకి చేజేతులా ప్రాణం పోసినట్టే. గడువు మళ్ళీ మొదలు. వాళ్ళు కేసు గెలిచి, ఆయన పేరున ఉన్న ఈ కారే లాక్కుపోవచ్చు."

ఈ కారే! ఫ్రేముల షాపు తన అద్దె తాను కట్టుకుంటే గొప్ప. ఇల్లు నడుస్తున్నది ఈ రెండు బ్రేకుల మీదే. టీచర్ ఫోన్ చేసింది. లైన్ బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. కాగితం పట్టుకున్న మనిషి చేరేదాకా వాళ్ళు ఆయన్ని ఫోన్ మీదే కూర్చోబెట్టారని ఆమెకు అర్థమైంది.

"దిగండి, నేను నడుపుతా," అని డోర్ తీయబోయి తన చేతులు చూసుకుంది. గజగజ వణుకుతున్నాయి.

"చేతులు వణికితే స్టీరింగ్ ముట్టుకోకూడదని నాకు చెప్పిందెవరు?" అంది లాయరమ్మ. "కూర్చోండి. దారి చెప్పండి."

"పెద్దరోడ్డమ్మా! వంతెన ఎక్కాలి!"

"ఎక్కుదాం!"

కారు మైదానం గేటు దాటింది. రెండో గేరు మూలిగింది. "మూడు!" అని అరిచింది టీచర్. లాయరమ్మ పళ్ళు బిగించి మూడో గేరు వేసింది. అది పడింది! ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకపెట్టారు. సిగ్నల్ దగ్గర పక్కనుంచి బస్సు ఒకటి దూసుకొచ్చింది.

"హారన్ కొట్టండి!"

"ఎవరి మీద?"

"ఎవరి మీదైనా సరే, కొట్టండి!"

వంతెన మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. వెనక హారన్లు మూకుమ్మడిగా లేచాయి. మామూలు రోజైతే లాయరమ్మ ఏడుపు మొహం పెట్టి సీటు మారేది. టీచర్ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"మీరు కాలు తీయండి," అంది లాయరమ్మ. "మీ కాలు అక్కడుంటే నాకు నేను చేతకానిదాన్నని గుర్తొస్తుంది."

టీచర్ కాలు వెనక్కి లాక్కుంది. ఇన్నేళ్ళలో ఆమె అలా చేసింది అదే మొదలు. కారు వెనక్కి జారలేదు. స్టార్టయింది, ఎత్తు ఎక్కింది, వంతెన దిగింది. షాపు ముందు ఒక చక్రం ఫుట్‌పాత్ మీదికెక్కి ఆగింది.

లోపల రంపపు పొట్టు వాసన. గోడ పొడుగునా అద్దాలు. అద్దం కోసే బల్ల మీద ఆ కాగితం. ఫ్యాన్ గాలికి ఎగరకుండా సరేలెండి గారే దాని మీద శ్రద్ధగా కొలతబద్ద పెట్టాడు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వసూలు మనిషి ఎదురుగా కూర్చున్నాడు. సరేలెండి గారు చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, కుడిచేత్తో పెన్ను పట్టుకుని వంగుతున్నాడు.

"బ్రేక్!"

టీచర్ అరుపుకు అద్దాలు గలగలమన్నాయి. ఆయన డ్రైవింగ్ నేర్చుకుంది ఆమె దగ్గరే. ఆమె మొట్టమొదటి శిష్యుడు ఆయనే. ఆయన కాలు నేలను ధబీమని తొక్కింది, చెయ్యి ఆగిపోయింది, ఫోన్ జారి పొట్టులో పడింది.

లాయరమ్మ కాగితం అందుకుని చదివింది. "చివరి వాయిదా తేదీ ఇందులో ఎక్కడుంది?"

"అవన్నీ ఆఫీసులో ఉంటాయి మేడమ్," అన్నాడు వసూలు మనిషి.

"గడువు దాటిన సంగతి ఈయనకి చెప్పారా?"

"అప్పు అప్పే కదా మేడమ్?"

"అప్పే. కోర్టుకెళ్ళి గెలిచే దారి మూసుకుపోయిన అప్పు. కేసు వేసుకోండి. మేం వచ్చి ఆ ఒక్క మాటే చెబుతాం."

అతను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, ఆలోచించుకోండి సార్ అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. టీచర్ నవ్వింది, వెంటనే ఏడ్చింది. లాయరమ్మ మాత్రం వేలు చూపించి చెప్పింది: "రేపు నిజంగా కోర్టు కాగితం వస్తే దాక్కోకండి. వెళ్ళి చెప్పుకోవాలి. వెళ్ళకపోతే వాళ్ళే గెలిచేస్తారు."

"ఆ డబ్బు వాడుకున్నది మనమే కదా?" అన్నాడు సరేలెండి గారు మెల్లగా.

"కారు పట్టుకుపోయారు," అంది టీచర్. "ఎంతకమ్మారో ఈ రోజుకీ చెప్పలేదు. ఈ కారు కూడా పోతే మనం ఏం తిని బతకాలండీ?"

ఆయన గుమ్మంలోంచి ఫుట్‌పాత్ మీదికెక్కిన చక్రాన్ని చాలాసేపు చూశాడు. అప్పుడే పొట్టులోంచి ఫోన్ మోగింది. మళ్ళీ వాళ్ళే. టీచర్ చెయ్యి చాచింది గానీ, వంతెన గుర్తొచ్చి ఆగింది. వెళ్ళి స్టూలు ఎక్కి రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని కూర్చుంది. ఇంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

"ఆఁ, చెప్పండి," అన్నాడాయన. "లేదండీ, పెట్టలేదు... అయ్యో, మీ ఉద్యోగం సంగతి నాకర్థమవుతుంది." టీచర్ వేళ్ళు స్టూలు అంచును బిగించి పట్టుకున్నాయి. "లేదండీ. గడువు దాటిపోయింది. సంతకం పెట్టను, ఏమీ కట్టను. సాయంత్రమా? వద్దండీ. ఫోన్ చేయొద్దు. ఏదున్నా రాసి పంపండి. భోంచేశారా? సరే, ఉంటాను."

ఫోన్ పెట్టేసి, ఎవరో తన నోట్లోంచి మాట్లాడినట్టు బిత్తరపోయి చూశాడు. తర్వాత పెళ్ళాం కాళ్ళవైపు చూశాడు.

"నువ్వు తొక్కలేదే?"

"మీరే ఆపారు కదండీ," అంది టీచర్.