మావయ్య లివరు, అత్తయ్య పాలగ్లాసు

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ముందు ఇది వినండి!

మా మావయ్య టైలరు. ఆయన ఒంట్లో హెపటైటిస్ బి ఎన్నో ఏళ్లుగా కాపురం పెట్టింది. దానివల్ల లివరు మీద మచ్చలు కట్టి గట్టిపడుతోందేమో అప్పుడప్పుడూ చూస్తుండాలి. పూర్వం సూది దించి చిన్న ముక్క తీసి చూసేవాళ్లు. రోజంతా సూదులతో బతికే మనిషి, ఆ ఒక్క సూది తలచుకుంటే ఇప్పటికీ చెమటలు కక్కుతాడు. ఇప్పుడా సూది అక్కర్లేని స్కాన్ వచ్చింది. చూద్దామని నేనూ వెంటపడి వెళ్లాను.

మావయ్య కుడిచెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. డాక్టరమ్మ చల్లటి జెల్ రాసి, టార్చిలైటంత పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆనించింది. టక్, టక్. వేలితో మీటినట్టు, అంతే! ఆ కుదుపు లివరులోకి అలలా పోతుంది. మెత్తటి లివరులో నింపాదిగా నడుస్తుంది, గట్టిపడ్డదాంట్లో పరుగెడుతుంది. ఆ వేగాన్ని మెషీను కొలుస్తుంది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

తెరమీద అంకె చూసి డాక్టరమ్మ మొహం మారింది.

“బాగా గట్టిగా చూపిస్తోందండీ.”

“కాలరులో వేసే కాన్వాసులాగానా?” నవ్వబోయాడు మావయ్య. నవ్వు రాలేదు.

“ఇదే నిజమైతే మళ్లీ సూది పరీక్ష తప్పకపోవచ్చు. పొద్దున్నించీ ఏమీ తినలేదుగా?”

“మంచినీళ్లు కూడా ముట్టలేదండీ.”

అత్తయ్య నేలకేసి చూస్తోంది. ముందురోజంతా మా అమ్మ ఆవిడకి ఫోన్ మీద ఫోన్ చేసి, “స్కాన్ అయ్యేదాకా మా తమ్ముడికేమీ పెట్టకు, అసలే నీకు చెయ్యి ఊరుకోదు” అని ప్రాణం తీసింది మరి.

“తిన్నారండీ,” అంది అత్తయ్య ఉన్నట్టుండి. “నేనే పెట్టాను. గ్లాసుడు పాలు, బ్రెడ్డూ. బయల్దేరే ముందే. కళ్లు తిరిగి పడిపోతారేమోనని…”

“నిన్నెవరడిగారే ఇప్పుడు?”

“మీ లివరే అడిగింది! వదిన తిడుతుందని నన్ను కాచుకోడానికి సూది పొడిపించుకుంటారా?”

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది.

“చెప్పి ఎంత మేలు చేశారమ్మా! తిన్నాక లివరుకి రక్తం ఎక్కువగా వెళ్తుంది, కాసేపు గట్టిగా చూపిస్తుంది. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా కూర్చోండి, మళ్లీ చూద్దాం.”

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మావయ్య కడుపు కుయ్యిమన్నప్పుడల్లా అత్తయ్య చెయ్యి సంచీలోని బిస్కెట్ల మీదకి వెళ్లడం, నేను లాగెయ్యడం!

మధ్యాహ్నం మళ్లీ టక్, టక్. ఈసారి అంకె దిగింది.

“మచ్చలు కొద్దిగానే ఉన్నాయి. సూది అక్కర్లేదు. మందులు మానకండి.”

మావయ్య లేచి డాక్టరమ్మకి దణ్ణం పెట్టాడు, మెషీనుకీ పెట్టాడు. అత్తయ్యకి పెట్టలేక ఆవిడ సంచీ తీసుకుని భుజాన తగిలించుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

సరే, ఇంటికొచ్చాం. గుమ్మంలోనే మా అమ్మ. రెండోసారి స్కాన్‌లో భయమేమీ లేదని తేలిందని దారిలోనే ఫోన్‌లో చెప్పేశాను మరి.

“ఏమీ లేదన్నారుగా, మరి రెండుసార్లు ఎందుకు చేశారే?”

అత్తయ్య నా వంక చూసింది. మావయ్యా చూశాడు. నిజం చెబితే అత్తయ్యకి చీవాట్లు. మెషీను మీదకి నెడదామా అంటే, మావయ్యని సూది నుంచి తప్పించింది అదే కదా!

మీరైతే ఏం చెబుతారు?